గూగుల్ స్కాలర్ ప్రొఫైల్: కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక రివ్యూ

ప్రమోషన్ ఫైళ్ళు కదిలే రోజుల్లో మా మెడికల్ కాలేజీలో అందరికీ ఒక్కసారిగా పరిశోధన పేపర్లని వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ గుర్తొస్తుంది. "మేడం, మీ హెచ్ ఇండెక్స్ ఎంత?" అని బీపీ ఎంతుందని అడిగినట్టే అడుగుతారు. మన పేపర్లకి వేరే పేపర్లలో వచ్చిన ప్రస్తావనల (సైటేషన్ల) లెక్కతో ఇచ్చే అంకె అది. నేను చాలా ఏళ్ళుగా స్కాలర్‌లో మన పేపర్లన్నీ ఒకచోట చూపించే ఈ ప్రొఫైల్ వాడుతున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

పైసా ఖర్చు లేదు. గూగుల్ అకౌంట్ ఉంటే కాసేపట్లో ప్రొఫైల్ తయారవుతుంది. కాకపోతే కాలేజీ మెయిల్‌తో వెరిఫై చేసుకుని, ప్రొఫైల్‌ని పబ్లిక్‌గా పెడితేనే వెతికేవాళ్ళకి కనిపిస్తాం. నాకు నచ్చింది దీని వెసులుబాటు. పెళ్ళికి ముందు రాసిన పేపర్లు పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నాయి, తర్వాతవి అత్తింటి ఇంటిపేరుతో. రెండు పేర్లతోనూ వెతికి, నావి అనుకున్నవాటికి టిక్కు పెట్టి ఒకచోట చేర్చుకున్నాను. ఎవరికీ అర్జీ పెట్టుకోనక్కర్లేకపోయింది. స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్‌లో అయితే ఇలాంటి వాళ్ళ పేరిట రెండు ఆథర్ ఐడీలు ఏర్పడవచ్చు, కలపమని రిక్వెస్ట్ పంపాలి.

అసలు సరుకు మాత్రం ప్రతి పేపర్ పక్కనా ఉండే "సైటెడ్ బై" అంకెలో ఉంది. దాన్ని నొక్కితే మన పేపర్‌ని ఎవరు, ఎక్కడ వాడుకున్నారో వరసగా వస్తుంది. కిశోర బాలికల్లో రక్తహీనత మీద మేం రాసిన పేపర్‌ని ఎక్కడో ఒక నర్సింగ్ థీసిస్‌లో వాడుకున్నారని నాకు అలాగే తెలిసింది. మా ప్రశ్నావళిలో రెండు ప్రశ్నలు మార్చి వాడారు, మావాటికంటే అవే బాగున్నాయి కూడా! ఈ సంగతి జర్నల్‌కి సగటున వచ్చే సైటేషన్ల లెక్క చెప్పే ఏ ఇంపాక్ట్ ఫాక్టరూ చెప్పదు.

థీసిస్‌లనీ పుస్తకాలనీ వదలకపోవడం మన దేశంలో ఆరోగ్య పరిశోధనకి నిజంగా మేలు. హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) నుంచి గోపాలన్ గారి బృందం 1971లో తెచ్చిన "న్యూట్రిటివ్ వాల్యూ ఆఫ్ ఇండియన్ ఫుడ్స్" సంగతే చూడండి. న్యూట్రిషన్ చదివినవాళ్ళలో దాన్ని రిఫరెన్స్‌గా ఇవ్వనివాళ్ళు అరుదు. అలాంటి పుస్తకం ఎంతగా వాడుకలో ఉందో ప్రధానంగా జర్నల్ వ్యాసాల కోసమే ఉన్న పబ్‌మెడ్‌లో తెలియదు.

ఇక అంకెల దగ్గరికొస్తే నాకు నమ్మకం తక్కువ. హెచ్ ఇండెక్స్‌ని హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 2005లో ప్రతిపాదించారు. కనీసం పదేసి సైటేషన్లున్న పేపర్లు పది ఉంటే అది పది. ఆథర్లు ఎంతమందన్నది దానికి అక్కర్లేదు. ప్రపంచమంతటా జబ్బుల భారాన్ని లెక్కగట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అధ్యయనం పేపర్లలో వందల మంది ఆథర్లుంటారు, సైటేషన్లు వేలల్లో వస్తాయి, ఆ మొత్తం ప్రతి ఒక్కరి ఖాతాలోనూ పడుతుంది. పీహెచ్‌సీ పరిధిలో ఊరూరా తిరిగి ఇద్దరు ముగ్గురు కలిసి రాసిన పేపర్ దాని ముందు ఏం నిలబడుతుంది? మన పేపర్లని మనమే సైట్ చేసుకున్న లెక్క కూడా ప్రొఫైల్‌లో విడిగా చూపించరు. 2010లో సిరిల్ లాబే అనే ఫ్రెంచ్ పరిశోధకుడు ఐక్ ఆంట్‌కేర్ అని ఒక లేని మనిషిని సృష్టించి, కంప్యూటర్‌తో రాయించిన ఓ వంద దొంగ పేపర్లు ఒకదాన్నొకటి సైట్ చేసేలా నెట్‌లో పెట్టాడు. ఆ లేని మనిషి హెచ్ ఇండెక్స్ 94కి చేరింది. అందుకే సెలక్షన్ కమిటీలో ఎవరైనా ఈ అంకెని గట్టిగా చదువుతుంటే నాకు నవ్వొస్తుంది.

ఇంకో మాట. మెడికల్ టీచర్ల అర్హతలపై ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2022లో ఇచ్చిన నిబంధనల్లో మెడ్‌లైన్, స్కోపస్, డీఓఏజే లాంటి జర్నళ్ళ ఇండెక్సుల (జాబితాల) పేర్లుండేవి గానీ గూగుల్ స్కాలర్ ఉండేది కాదు. "స్కాలర్‌లో వస్తుంది మేడం" అంటూ డబ్బులడిగే జర్నళ్ళ మెయిల్స్ చూసి జూనియర్లు టెన్షన్ పడి కట్టేయొద్దు.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. ప్రొఫైల్ పెట్టుకునేవాళ్ళు అప్‌డేట్స్ దగ్గర ఆటోమేటిక్ వద్దు, ముందు మెయిల్ పంపి అడిగే ఆప్షన్ ఎంచుకోండి. ఇంటిపేరు ఇనిషియల్‌గా, చివర రావో రెడ్డో ఉండే మన పేర్లకి ఇది మరీ అవసరం. లేకపోతే ఏ గుండె డాక్టర్ గారి పేపర్లో వచ్చి మీ ఖాతాలో కూర్చుంటాయి. కాలేజీ మారితే కొత్త మెయిల్‌తో మళ్ళీ వెరిఫై చేసుకోండి.