చెరువు చేపకు బెండు గాలమా, సీసం గాలమా?

గాలి లేని పొద్దున, నీరు తేటగా ఉంటే, ఎరను వేలాడదీస్తూ నీటిపై తేలే బెండుదే పైచేయి. బొచ్చె (కట్ల) చేప నోరు పైకి తిరిగి ఉంటుంది, ఎక్కువగా పై నీళ్లలోనే మేస్తుంది. నాలుగడుగుల లోతుంటే ఎర రెండడుగుల దగ్గర వేలాడాలి. తవుడు, వేరుశనగ చెక్క పొడి సమపాళ్లలో కలిపి, జిగురుకు కాస్త మైదా చేర్చి ఉసిరికాయంత ముద్ద పెడితే చాలు. మైదా ఎక్కువైతే ముద్ద కరగదు, వాసన నీళ్లలో పాకదు.

గాలి లేచి అలలు మొదలయ్యాయా, బెండు కొట్టుకుపోతుంది, ఎరా దానితోపాటే. అప్పుడు 30 గ్రాముల చిల్లు సీసం గుండును దారానికి జారేలా ఎక్కించి, గాలానికి జానెడు పైన ఆపు ముడి వేయాలి. గుండును బిగించి కట్టేస్తే చేప బరువు పసిగట్టి ఎర వదిలేస్తుంది. అయితే దీనికి చిక్కేది అడుగున మేసే మోసు, అప్పుడప్పుడు రోహు. బొచ్చె మీద ఆశ పెట్టుకోవద్దు. మెత్తటి బురదలో గుండు కూరుకుపోతుంది, అక్కడ తేలికది వాడాలి.

కొత్త వాన నీరు ఎర్రగా దిగేచోట వానపాముతో సీసమే మేలు. మబ్బు పట్టిన వేకువన చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మాత్రం రెండూ దండగే. అది ఆకలి కాదు, నీళ్లలో ఆక్సిజన్ తగ్గింది.