పేపరు ప్యాకేజీ: టైపింగుకు డబ్బివ్వండి, యాక్సెప్టెన్సుకు వద్దు

నెల్లూరులోనూ ఒంగోలులోనూ థీసిస్ బైండింగు చేసే డీటీపీ సెంటర్లు ఇప్పుడు బంగారు అక్షరాల అట్టతో ఆగడం లేదు. 'టైపింగు, ఫార్మాటింగు, ప్లేజరిజం రిపోర్టు, స్కోపస్ పేపరు, అన్నీ ఒకేచోట' అంటూ వాట్సాప్‌లో రేటు కార్డు పంపుతున్నాయి. ప్లేజరిజం రిపోర్టు అంటే మీ రాత ఇతరుల రాతతో ఎంత శాతం కలిసిందో చూపే కాగితం. స్కోపస్ పేపరు అంటే స్కోపస్ అనే అంతర్జాతీయ జాబితాలో ఉన్న జర్నల్లో అచ్చయ్యే పేపరు. విక్రమ సింహపురి యూనివర్సిటీలోనో ఆంధ్రకేసరి యూనివర్సిటీలోనో పీహెచ్‌డీ చేసేవాళ్లకి, ప్రమోషను ఫైలు సర్దుకునే లెక్చరర్లకి ఈ ప్యాకేజీలో ఏది పనికొస్తుంది, ఏది మెడకు చుట్టుకుంటుంది అన్నదే ఈ రివ్యూ. ఫలానా షాపు గురించి కాదు. కార్డులన్నీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి.

టైపింగుకి మంచి మార్కులే వేయాలి. ఎడమవైపు బైండింగుకి ఒకటిన్నర అంగుళం వదలడం, పట్టికలకు వరస నంబర్లు, విషయసూచిక, ఇవన్నీ వాళ్ల చేతికి అలవాటైన పనులు. రెఫరెన్సుల దగ్గర మాత్రం జాగ్రత్త. చేత్తో టైపు చేస్తే మధ్యలో ఒక్కటి చేర్చినా కింద నంబర్లన్నీ తప్పిపోతాయి. రెఫరెన్సులను తానే సర్దే జొటేరో అనే సాఫ్ట్‌వేరు ఉచితం, అందులో చేయమనండి. పీడీఎఫ్ ఒక్కటే తీసుకోకుండా వర్డ్ ఫైలు కూడా అడిగి తీసుకోండి.

ప్లేజరిజం రిపోర్టు దగ్గర కథ మారుతుంది. షాపువాళ్లు ఎవరిదో అకౌంటులో టర్నిటిన్ అనే పోలికలు పట్టే సాఫ్ట్‌వేరు నడుపుతారు. అందులో మీ ఫైలును 'రిపాజిటరీలో దాచవద్దు' అన్న సెట్టింగు పెట్టకపోతే థీసిస్ మొత్తం రిపాజిటరీ అనే ఆ గోదాములోకి వెళ్లిపోతుంది. రెండు నెలల తర్వాత యూనివర్సిటీ అదే సాఫ్ట్‌వేరులో చెక్ చేస్తే మీ థీసిస్ మీ థీసిస్‌తోనే సరిపోలి, శాతం తొంభై దాటి కూర్చుంటుంది. అది మీ సొంత రాతే అని నిరూపించుకోవడానికి తిరగాల్సింది మీరే, షాపువాడు కాదు. యూనివర్సిటీ లైబ్రరీకి ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ సంస్థ వారి శోధశుద్ధి పథకం ద్వారా ఇలాంటి సాఫ్ట్‌వేరు అందుతుంది. ముందు అక్కడే అడగండి.

తెలుగు శాఖ వాళ్లకి ఇంకో చిక్కు. షాపుల్లో తెలుగు ఎక్కువగా అనూ ఫాంట్లలోనే కొడతారు. కంటికి తెలుగే గానీ కంప్యూటరుకి అది ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. ఆ ఫైలును చెక్ చేసి 'సున్నా శాతం' అని రిపోర్టు ఇస్తే దానికి విలువ లేదు, సాఫ్ట్‌వేరు అసలు ఏమీ చదవలేదన్నమాట. యూనికోడ్‌లోకి మార్పించి, వత్తులు, పొల్లులు ఒకసారి కళ్లారా చూసుకుని, ఆ తర్వాతే చెక్ చేయించాలి.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 లోపు ఉంటే ఆరు నెలల్లోపు సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు సవరించిన థీసిస్ కూడా తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. రెఫరెన్సులు, ఆధారం చూపి ఉటంకించినవి, ముందుమాట, చట్టాలు, సమీకరణాలు ఈ లెక్కలోకి రావు. యాదృచ్ఛికంగా వరసగా కలిసే మాటలు 14 వరకు ఉన్నా రావు. ఈ మినహాయింపులు సెట్టింగుల్లో పెట్టకుండా రిపోర్టు తీసి, 'సార్, ముప్పై ఎనిమిది వచ్చింది, తగ్గిస్తాం' అని ఇంకో రేటు చెప్పడం ఇక్కడి కిటుకు.

ఆ తగ్గించడం ఎలాగంటే, ఫైలును మాటలు మార్చే యంత్రంలో వేస్తారు. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' కాస్తా 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అవుతుంది, 'బ్రెస్ట్ కేన్సర్' కాస్తా 'బోసమ్ పెరిల్' అవుతుంది. 2021లో ఫ్రెంచి, రష్యన్ పరిశోధకులు ఇలాంటి వికృత పదబంధాలనే ఆనవాళ్లుగా పట్టుకుని నకిలీ పేపర్లను వేటాడడం మొదలుపెట్టారు. వెనామీ రొయ్యల తెల్లమచ్చ తెగులు మీద మీరు రాసిన పేరా ఆ యంత్రంలోంచి ఏ రూపంలో తిరిగొస్తుందో ఊహించుకోండి. శాతం తగ్గుతుంది, అర్థం కూడా పోతుంది.

ఇక అసలు సరుకు, పదిహేను రోజుల్లో గ్యారంటీ యాక్సెప్టెన్సు, అంటే మీ పేపరు అచ్చు వేస్తామన్న జర్నలు అంగీకారం. కనిగిరి వైపు బోరు వేయకముందే రెండంగుళాల నీళ్లు ఖాయమని రాసిచ్చేవాణ్ణి ఎవరూ నమ్మరు. ఇదీ అంతే. నిజమైన జర్నల్లో ఎడిటరు చూసి, ఆ రంగం తెలిసిన కనీసం ఇద్దరు రివ్యూయర్లకు పంపి, వాళ్ల అభ్యంతరాలకు మీరు జవాబు రాసి, అంతా అయ్యేసరికి నెలలు పడుతుంది. ఫలితం ముందే తెలిసిందంటే రివ్యూ జరగలేదనైనా అనుకోవాలి, రివ్యూయర్లే నకిలీ అనైనా అనుకోవాలి. ఈ రెండోది తక్కువేం జరగలేదు. రివ్యూయర్ల పేర్లతో దొంగ ఈమెయిళ్లు సృష్టించి, తమ పేపర్లకు తామే మార్కులు వేసుకున్నారని తేలాక ట్యూమర్ బయాలజీ అనే ఒక్క జర్నలు నుంచే 2017లో 107 పేపర్లు వెనక్కి తీశారు.

కార్డు మీద ఐఎస్‌ఎస్‌ఎన్, అంటే జర్నలును గుర్తించే నంబరు, పెద్దక్షరాలతో ఉంటుంది. అది బండి నంబరు లాంటిది. బండి రిజిస్టరైందని చెబుతుంది గానీ నడిపేవాడికి లైసెన్సుందని చెప్పదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఆ జర్నలు పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకె. 'ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7' అని ఉంటే అది క్లారివేట్ అనే కంపెనీ వారి లెక్కేనా అని అడగండి, ఆ పేరుతో చెల్లేది అదొక్కటే. ముందు 'గ్లోబల్' అనో 'సైంటిఫిక్' అనో తోక తగిలించినవాటిని పట్టించుకోనక్కర్లేదు. 'యూజీసీ కేర్ జర్నల్' అని ఇంకా రాసుకుంటే అది పాత కార్డు. మంచి జర్నళ్లంటూ తాను పెట్టిన ఆ కేర్ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది, జర్నలు మంచిచెడ్డలు చూసుకునే బాధ్యత ఇప్పుడు విద్యాసంస్థలదే. అన్నట్టు, థీసిస్‌కు ముందు పేపరు అచ్చవ్వాలన్న షరతును 2022 నిబంధనల్లో యూజీసీ తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుందేమో రీసెర్చి సెల్‌లో కనుక్కోండి. అసలు అవసరమే లేని పేపరుకి డబ్బు కట్టేవాళ్లున్నారు.

స్కోపస్ అంటే మీరే చూసుకోవచ్చు, లాగిన్ కూడా అక్కర్లేదు. స్కోపస్ సైటులో సోర్సెస్ పేజీలో పేరుతో కాకుండా ఐఎస్‌ఎస్‌ఎన్‌తో వెతకండి. ఏయే సంవత్సరాలు చేర్చారో చూడండి, 'కవరేజి డిస్‌కంటిన్యూడ్' అని ఉంటే వదిలేయండి. ఉందని తేలినా పని అయిపోలేదు. మంచి జర్నలు పేరు, నంబరు దొంగిలించి, అచ్చం అలాంటి సైటు ఇంకొకటి కట్టి డబ్బు వసూలు చేసేవాళ్లున్నారు. అందుకే షాపువాడు పంపిన లింకు నొక్కకుండా, ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్లో ఉన్న చిరునామాతో పోల్చుకోవాలి. వెనక్కి తీసిన పేపర్ల మీద కన్నేసి ఉంచే రిట్రాక్షన్ వాచ్ సైటు వాళ్లు ఇలాంటి దొంగ సైట్ల పట్టిక ఉంచారు, అదీ ఉచితమే. చివరగా ఆ జర్నల్లో తాజా సంచిక తెరవండి. ముత్తుకూరు రొయ్యల పేపరు, చీమకుర్తి గ్రానైటు దుమ్ము పేపరు, ఆయుర్వేదం, బ్యాంకింగు ఒకే సంచికలో పక్కపక్కన కూర్చుంటే అది జర్నలు కాదు, సంత.

ప్యాకేజీలో అన్నిటికన్నా చెడ్డది ఆథరు సీటు, అంటే ఎవరో రాసిన పేపరు మీద డబ్బుకు మీ పేరు చేర్చడం. ఫస్ట్ ఆథర్‌కి ఒక రేటు, మూడో పేరుకి ఒక రేటు. పరిశోధనలో పాలు, రాతలో చేయి, తుదిప్రతికి ఆమోదం, తప్పొస్తే జవాబుదారీ, ఈ నాలుగూ ఉంటేనే ఆథరు అని వైద్య జర్నళ్ల ఎడిటర్ల కమిటీ నియమం. సీటు కొన్నవాళ్లకి నాలుగోది మాత్రం కొనకుండానే వచ్చిపడుతుంది. పేపరు వెనక్కి తీస్తే నోటీసులో పేరు ఉండేది వాళ్లదే.

జర్నలు ఫీజు ఉండటం తప్పు కాదు. యాక్సెప్ట్ అయ్యాక, పబ్లిషరు పేర ఇన్‌వాయిస్ వచ్చాక, సంస్థ ఖాతాలో కట్టేది అసలు ఫీజు. ఎవరిదో ఫోన్‌పే నంబరుకి ముందే వేయమంటే కాదు. ఫీజే లేని జర్నళ్లు కావాలంటే డీఓఏజే అనే ఉచితంగా చదవగల జర్నళ్ల ఆన్‌లైన్ జాబితాలో ఆ ఫిల్టరు పెట్టి వెతకండి.

సబ్మిషన్ మాత్రం వాళ్ల చేతికివ్వకండి. షాపు జీమెయిల్‌తో పంపితే రివ్యూలు, వెనక్కి తీసుకునే హక్కు అన్నీ ఆ మెయిలుకే పోతాయి. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒమిక్స్ అనే జర్నళ్ల సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వేసిన కేసులో ఒక ఆరోపణ, పేపరు వెనక్కి ఇమ్మంటే ఇవ్వరని. 2019 మార్చిలో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

ఇప్పటికే షాపు చేత పంపించేసి ఉంటే కాపీరైటు ఫారం మీద సంతకం పెట్టకండి. మీ సొంత మెయిలు నుంచి జర్నలుకి ఉపసంహరణ రాయండి, తేదీ, పేపరు పేరు, నంబరు స్పష్టంగా వేయండి. సరేనని రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా ఇంకో జర్నలుకి పంపకూడదు, పంపితే ఒకే పేపరు రెండుచోట్ల ఇచ్చిన తప్పు మీ మీదికే వస్తుంది. జవాబు బదులు 'విత్‌డ్రాయల్ ఫీజు' అడిగితే కట్టకుండా, ఆ మెయిళ్లన్నీ ప్రింటు తీసి గైడుగారి ద్వారా రీసెర్చి సెల్‌లో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.