ష్వాల్బే మారథాన్ 700×35: గోదావరి గట్ల మీద తిరిగేవాళ్ల టైరు

ధవళేశ్వరం ఆనకట్ట దాటాక సముద్రం దాకా సైకిలుకు ఎత్తు అనేదే తగలదు. చించినాడ, యానాం–ఎదుర్లంక లాంటి నదీ వంతెనలు, ఏటిగట్టు ఎక్కే ర్యాంపులు, అంతే. డెల్టాలో టైరు కొనేవాళ్లు మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. టైరు బరువు బాధపెట్టేది ఎత్తు ఎక్కేటప్పుడు, ఆగి మళ్లీ వేగం అందుకునేటప్పుడు. చదును రోడ్డు మీద ఒకే వేగంతో నాలుగు గంటలు తొక్కేవాడి బలమంతా ఎదురుగాలికే పోతుంది. అందుకని ఒక్కోటి ముప్పావు కిలో దగ్గర తూగే ష్వాల్బే మారథాన్ టైరుని, బరువు చూసి భయపడి పక్కన పెట్టాల్సిన పని మనకు లేదు.

ఇది జర్మనీ కంపెనీ టైరు. నేలకు తగిలే రబ్బరు కింద 3 మిల్లీమీటర్ల మందాన ఆకుపచ్చ రబ్బరు పొర ఉంటుంది. దాన్ని గ్రీన్‌గార్డ్ అంటారు. పక్కగోడల చుట్టూ వెలుగు పడితే మెరిసే పట్టీ ఉంటుంది. తెల్లవారకముందు బయల్దేరేవాళ్లను అడ్డరోడ్డు మీంచి వచ్చే లారీ డ్రైవరు చూడగలగడానికి అది నిజంగా పనికొస్తుంది.

ఆ 3 మిల్లీమీటర్ల విలువ కాలవగట్టు మీద తెలుస్తుంది. అక్కడి అసలు బెడద పల్లేరుకాయ. ఎండిన కాయ ముక్కలుగా విడిపోతుంది, ఏ ముక్క ఎలా పడినా ఒక ముల్లు పైకే నిలబడుతుంది. మామూలు టైరులోకి అది నేరుగా దిగి ట్యూబును తాకుతుంది. మారథాన్‌లో ముల్లు ఆకుపచ్చ పొరలోనే ఆగిపోతుంది. ఇంటికొచ్చి చక్రం తిప్పి చూస్తే ముళ్లు విరిగి రబ్బరులో గుచ్చుకుని కనిపిస్తాయి. వాటిని పిన్నీసుతో అదే రోజు తీసేయాలి. వదిలేస్తే తొక్కిన కొద్దీ లోపలికి దిగి వారం తర్వాత గాలి తీస్తాయి. సర్కారు తుమ్మ ముల్లు సంగతి వేరు. అది పొడుగు, గట్టి; ఏటవాలుగా గుచ్చుకుంటే ఈ పొర కూడా ఆపలేదు. పక్కగోడలకైతే ఈ పొర రక్షణే లేదు. తుమ్మ నరికి గట్టు మీద పడేసిన చోట దిగి నడవడమే మేలు. 5 మిల్లీమీటర్ల పొరతో మారథాన్ ప్లస్ కూడా దొరుకుతుంది గానీ, అది ఇంకా బరువు, ఇంకా బిరుసు. మన గట్లకు అంత అవసరం లేదు.

వేగం సంగతికొస్తే, రేసు టైరుతో పోలిస్తే ఇది నెమ్మదే, ఆ మాట దాచక్కర్లేదు. కానీ 200 కిలోమీటర్ల బ్రెవేకి (గడువులోగా పూర్తిచేయాల్సిన, పోటీ కాని దూరపు సైకిలు యాత్ర) ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. అంటే ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్లు వెళ్తే సరిపోతుంది. చీకట్లో ఒక పంచరు వేసుకోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మొదటి పంచరు కంగారులో ముల్లు తీయకుండా ట్యూబు మారిస్తే రెండోది వెంటనే తయారు. పరుగెత్తేవాళ్లకూ ఇదే లెక్క. ఆదివారం లాంగ్ రన్‌లో కిలోమీటరుకు ఆరు నిమిషాల చొప్పున పరుగెత్తేవాడి వెంట నీళ్ల సీసాలు, అరటిపళ్లు పెట్టుకుని వచ్చే సైకిలు వేగం గంటకు పదే. ఆ సైకిలు ఆగిపోతే ఎండలో ఇద్దరికీ నీళ్లుండవు. వెనక క్యారేజీ మీద అయిదారు లీటర్లు ఉంటే వెనక టైరులో గాలి 5 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ పెట్టాలి.

70 కిలోల మనిషికి తారు రోడ్డు మీద ముందు 55, వెనక 65 పీఎస్ఐ చాలు. గట్టు మీదకు 50, 55కి దించితే చేతులకు అదురు తగ్గుతుంది. అంతకన్నా దించితే గోతి అంచుకు కొట్టుకున్నప్పుడు రిమ్ముకీ నేలకీ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. ట్యూబు మీద చిల్లు ఎక్కడుందో చూస్తే కారణం అదే చెబుతుంది: నేల వైపు ఒక్కటే ఉంటే ముల్లు, జంటగా ఉంటే గాలి తక్కువ, రిమ్ము వైపు ఉంటే రిమ్ము టేపు జరిగి చువ్వ గుచ్చుకుంది.

ఎక్కించడం మాత్రం కొత్తవాళ్లకు కష్టం. అంచు తీగతో ఉంటుంది, లోపలి పొర బిరుసు. ట్యూబులో కొంచెం గాలి కొట్టి, వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. చివరి జానెడు ఎక్కనంటుంది. అప్పుడు బలం పెట్టొద్దు. ఎక్కేసిన అంచును చక్రం చుట్టూ రెండు చేతులతో రిమ్ము మధ్య గాడిలోకి నొక్కుకుంటూ వస్తే అక్కడ వదులు దొరుకుతుంది. సబ్బు నీళ్లు రాయొచ్చు, ప్లాస్టిక్ లీవర్లు వాడొచ్చు. స్క్రూడ్రైవరు పెడితే ట్యూబు చిరుగుతుంది. పక్కగోడ మీద బాణం గుర్తు చక్రం ముందుకు తిరిగే వైపు ఉండాలి. ముందు 20 పీఎస్ఐ కొట్టి, అంచు పక్కనున్న సన్నటి గీత చుట్టూ సమానంగా కనిపిస్తోందో లేదో చూసి, ఆ తర్వాతే పూర్తి గాలి కొట్టాలి.

సైజు దగ్గర చాలామంది పొరబడతారు. 700×35 టైరు పక్కగోడ మీద 37-622 అని ఉండాలి; అందులో 622 రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో. పాత నల్ల సైకిలు టైరు 28×1½ని కూడా దుకాణంలో 28 అనే అంటారు, కానీ దాని రిమ్ము కొలత 635. ఆ టైరు 622 రిమ్మున్న హైబ్రిడ్ సైకిలుకు పట్టదు. ఆపదలో దాని ట్యూబు మాత్రం పనిచేస్తుంది. రిమ్ము రంధ్రం పెద్దదైతే మోటారు సైకిలు రకం వాల్వున్న ట్యూబే తీసుకోండి. ఏ ఊళ్లోనైనా పంచరు షాపు కంప్రెసరుతో గాలి పట్టొచ్చు. సన్న వాల్వు ట్యూబున్నవాళ్లు ఇత్తడి ఎడాప్టరు ఒకటి సంచిలో పెట్టుకోవాలి. ఫోర్కుకీ టైరుకీ మధ్య రెండు వైపులా కనీసం 6 మిల్లీమీటర్ల సందు ఉందో లేదో కొనకముందే కొలవాలి.

ఈ టైరు చేతులెత్తేసేది నల్లరేగడి బురదలో. అచ్చు లోతు తక్కువ, బురద వదలదు. మడ్‌గార్డు కింద గట్టిపడి చక్రమే తిరగదు. వర్షాకాలంలో గట్టు వదిలి తారు రోడ్డు పట్టాలి. పాచి పట్టిన సిమెంటు రోడ్డు మీద, కోటిపల్లి రేవులోనో సఖినేటిపల్లి రేవులోనో పంటు (నది దాటించే పడవ) ఎక్కే తడి ఇనుప పలకల మీద ఏ టైరూ ఆగదు, దీన్నీ నమ్మొద్దు. దిగి నడిపించండి. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం పక్కన పట్టా ఎగిరిపోకుండా పెట్టిన రాళ్లు చీకట్లో కనపడవు. అక్కడ ప్రమాదం పంచరు కాదు, రిమ్ము వంగడం.

ఖరీదు మన టైర్ల కన్నా బాగా ఎక్కువ, చిన్న ఊళ్లలో దొరకదు, తెప్పించుకోవాల్సిందే. రెండూ ఒకేసారి కొనలేనివాళ్లు వెనక చక్రానికి ముందు వేయించుకోవచ్చు, బరువు పడేదీ ఎక్కువ పంచర్లు వచ్చేదీ అక్కడే. తర్వాత మార్చాల్సి వస్తే మాత్రం కొత్తది ముందుకు వేసి, ముందున్నది వెనక్కి పంపాలి. ముందు టైరు పేలితే సైకిలును ఆపుకోవడం కష్టం. నేలకు తగిలే చోట ఆకుపచ్చ రంగు బయటపడిందంటే ఆ టైరు తీసేయాలి.