కాలిన మచ్చకు కొవ్వు మూలకణాలు: ఒక క్లినిక్‌పై సమీక్ష

నూనె చింది మా అక్క చెంపపై పడిన కాలిన మచ్చకు జూబ్లీహిల్స్‌లోని ఒక కాస్మెటిక్ క్లినిక్‌లో కొవ్వు మూలకణాల (ఇతర రకాల కణాలుగా మారగల కణాల) చికిత్స చేయించాము. మచ్చకు మేలు జరిగింది. వయసు తగ్గిస్తామంటూ అదే క్లినిక్ అమ్ముతున్న ప్యాకేజీని మాత్రం నేను ఎవరికీ సిఫారసు చేయను.

అక్కకు చేసినది నానోఫ్యాట్. పొట్ట కొవ్వులోకి మత్తుమందు, అడ్రినలిన్ కలిపిన ద్రవం ఎక్కించి, సన్నని గొట్టంతో కొద్దిగా కొవ్వు తీసి, దాన్ని రెండు సిరంజిల మధ్య పదేపదే అటూ ఇటూ నెట్టి, పలచబడిన తరువాత వడగట్టి, సన్నని సూదితో మచ్చలోకి ఇచ్చారు. బెల్జియం ప్లాస్టిక్ సర్జన్ పాట్రిక్ టొనార్డ్ బృందం 2013లో ప్రచురించిన పద్ధతి ఇది. ఇంతగా నలిగిన కొవ్వులో కొవ్వు కణాలు చాలావరకు బతకవు గానీ మూలకణాలు మిగులుతాయి. అవి విడుదల చేసే పదార్థాలు కొత్త రక్తనాళాలకూ, చర్మానికి పటుత్వమిచ్చే ప్రోటీన్ అయిన కొలాజెన్‌కూ తోడ్పడతాయని వైద్యుల అంచనా. డాక్టర్ ఇదంతా తొందర లేకుండా చెప్పారు, సూది పని కూడా నేర్పుగా చేశారు. కొన్ని నెలలకు మచ్చ మెత్తబడి, నవ్వినప్పుడు చెంప లాగినట్టుండే బాధ తగ్గింది. రంగులో తేడా అలాగే ఉంది. అక్క సిలికాన్ జెల్ కూడా రాసుకుంటూ ఉంది కనుక ఘనతంతా నానోఫ్యాట్‌దే అనలేను.

నా అభ్యంతరం వయసు తగ్గించే ప్యాకేజీపై ఆ క్లినిక్ కౌన్సెలర్ చెప్పిన మాటల గురించి. ఎంజైమ్‌తో కొవ్వును కరిగించి వేరుచేసిన మూలకణాలతో ముడుతలు పోతాయని ఆమె హామీ ఇచ్చారు. ఏ ల్యాబ్‌లో చేస్తారు, ఎవరి అనుమతి ఉంది అని అడిగితే రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం కలిసి ఇచ్చిన 2017 మార్గదర్శకాల ప్రకారం, నిర్దేశిత జబ్బులకు చేసే రక్త మూలకణాల మార్పిడి తప్ప మిగిలిన మూలకణ చికిత్సలు అనుమతి పొందిన ప్రయోగాల్లో భాగంగానే జరగాలి. అమెరికాలో కూడా ఇలా వేరుచేసిన కణాలు ఔషధ నియంత్రణ కిందికే వస్తాయని 2024లో అప్పీళ్ల కోర్టు తీర్పు చెప్పింది.

అంగీకార పత్రం ఆంగ్లంలోనే ఉంది. ముఖంలోకి ఎక్కించే కొవ్వు పొరపాటున రక్తనాళంలోకి వెళితే చూపు పోయే ప్రమాదం ఉన్నా, అందులో ఆ ప్రస్తావనే లేదు. ఇంతకుముందు ఫిల్లర్ (ముడుతలు, గుంటలు పూడ్చేందుకు చర్మం కిందికి ఎక్కించే పదార్థం) వేయించుకున్నారా అని ఆ కౌన్సెలర్ అడగనూ లేదు. కాల్షియం ఉన్న ఫిల్లర్‌తో పాటు కొవ్వు మూలకణాలు ఎక్కించుకున్న ఒక మహిళకు కంటి చుట్టూ ఎముక ముక్కలు ఏర్పడిన ఉదంతం 2012లో కాలిఫోర్నియాలో వెలుగులోకి వచ్చింది.