4కె డిస్కు: ఏడాది వాడాక నా మాట

మా నాన్న తెనాలిలో ఒక సినిమా హాల్లో ఆపరేటరుగా చేశారు. స్కూలు వదలగానే నేను క్యాబిన్‌లో దూరి, ఆ చిన్న కిటికీలోంచి తెర చూసేవాణ్ని. అందుకేనేమో, 65 అంగుళాల టీవీ కొన్నాక కూడా నాకు ఏదో వెలితిగానే ఉండేది. ఓటీటీలో రాత్రి సీను వస్తే నలుపు నలుపులా ఉండదు, బూడిదరంగు గళ్లుగా విడిపోతుంది. పోయినేడు 4కె బ్లూరే ప్లేయర్ కొన్నాను, అంటే బాగా స్పష్టమైన 4కె బొమ్మతో వచ్చే సినిమా డిస్కుల్ని ఆడించే పెట్టె.

మొదట వేసిన డిస్కులో రాత్రిపూట సముద్రం మీద ఒక పడవ, పడవలో ఒక్క లాంతరు. అదే సినిమాను అదే టీవీలో ఓటీటీలోనూ చూసి ఉన్నాను. అప్పుడు లాంతరు చుట్టూ వెలుగు ఉల్లిపొరల్లా మెట్లు మెట్లుగా కనిపించింది. డిస్కులో ఆ వెలుగు నీళ్ల మీద సన్నగా కరిగి చీకట్లో కలిసిపోయింది. పడవకు కట్టిన తాడు తడిగా ఉందని అప్పుడే గమనించాను. ఓటీటీ 4కెలో సెకనుకు సుమారు 15 నుంచి 25 మెగాబిట్ల డేటా వస్తుంది. 100 జీబీ డిస్కులో అది 100 దాటగలదు. తేడా అక్కడే ఉంది.

శబ్దం సంగతి చెప్పాలంటే ఇంకా బాగుంది. ఓటీటీలో సౌండును బాగా కుదించి పంపుతారు, డిస్కులో చాలావాటికి ఏమీ పోకుండా ఇస్తారు. పెంకుల మీద వాన పడే సీనును నాన్న మూడుసార్లు వెనక్కి తిప్పించారు. "కొత్త ప్రింటు మొదటి వారం ఇలా ఉండేదిరా, తర్వాత గీతలు పడిపోయేవి" అన్నారు. ఆయన నోట ఆ మాట వినడమే నాకు ప్లేయర్ ఖరీదు.

కొనేముందు ఒక్కటి మాత్రం చూసుకోండి. అమెరికా నుంచి మా తమ్ముడు మామూలు బ్లూరేలు నాలుగు, 4కెవి రెండు తెచ్చాడు. మామూలు వాటిలో ఒకటి ఆడలేదు. ఈ ప్రాంతానికి చెందిన డిస్కు కాదని తెర మీద వచ్చింది. మామూలు బ్లూరేకి అమెరికా ఎ రీజియన్, మనది సి. కొన్ని కంపెనీలు ఆ తాళం వేయవు, కొన్ని వేస్తాయి. 4కె డిస్కులకు ఆ గొడవే లేదు, ఎక్కడ కొన్నా ఎక్కడైనా ఆడతాయి. డిస్కు పెట్టే పీఎస్5 గేమ్ కన్సోల్ ఇంట్లో ఉంటే వేరే ప్లేయర్ అక్కర్లేదు. పీఎస్4 ప్రోలో మాత్రం ఇవి ఆడవు.

బాధ ఒక్కటే. మా ఊళ్లో ఏ షాపులోనూ తెలుగు సినిమా 4కె డిస్కు దొరకలేదు. మన సినిమాలకు కెమెరా, సౌండు మీద ఇంత ఖర్చు పెడతారు కదా, ఆ పనితనమంతా ఇంట్లోకి వచ్చేసరికి పల్చబడిపోతోంది. దీని గురించి నిర్మాతలు ఆలోచించాలని గట్టిగా కోరుకుంటున్నాను.

"ఇదీ మూలన పడుతుందేమో" అని మా తోడల్లుడి టెన్షన్. 2008లో తోషిబా, బ్లూరేకి పోటీగా తెచ్చిన హెచ్‌డీ డీవీడీని వదిలేశాక అది కొన్నవాళ్లు ఇరుక్కుపోయిన మాట నిజం. ఒప్పో 2018లో ప్లేయర్లు ఆపేసింది, శాంసంగ్ 2019లో అమెరికాకు కొత్తవి తేనని చెప్పింది. అయినా నా ప్లేయర్ పాత బ్లూరేలు, డీవీడీలు కూడా ఆడిస్తోంది. బీరువాలోని నాన్న డీవీడీలు మళ్లీ బయటికొచ్చాయి.

43 అంగుళాల టీవీ, టీవీ స్పీకర్లే అయితే ఈ ఖర్చు వద్దు. పెద్ద తెర, ఓ మాదిరి స్పీకర్లు ఉండి, ఒకే సినిమాను పదిసార్లు చూసే అలవాటుంటే కొనండి. డిస్కు 25 డాలర్లయినా నాకు బరువనిపించలేదు.

వచ్చే నెల తమ్ముడు మళ్లీ వస్తున్నాడు. నాలుగు డిస్కులు తెమ్మన్నాను, నాలుగూ 4కెవే.