డాబా మీద స్విమ్మింగ్ పూల్ పెట్టించుకుందాం అనుకుంటున్నారా? అడ్వాన్స్ కొట్టే ముందు ఇది చదవండి

ఎండలు మొదలయ్యాయి, మళ్ళీ ఆ రీల్సే కనబడుతున్నాయి. డాబా మీద నీలం రంగు పూల్, చుట్టూ ఉత్తుత్తి గడ్డి, పిల్లలు దూకుతూ ఉంటారు, కింద "ఒక్క రోజులో ఫిట్టింగ్, సివిల్ వర్క్ అక్కర్లేదు" అని రాసి ఉంటుంది. పోయిన ఏప్రిల్‌లో నేనూ అలాంటి రీలే చూసి ఫోన్ చేశాను. కంపెనీ పేరు రాయడం లేదు, విషయం ఇంకా తేలలేదు కాబట్టి. పేరు కన్నా లెక్క ముఖ్యం, ఎందుకంటే ఈ వ్యాపారం చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు, దాదాపు అందరూ చెప్పేవి అవే మాటలు.

మాది హైదరాబాద్ శివార్లలో జీ ప్లస్ టూ ఇల్లు, 2009లో కట్టించాం. ఇంజనీర్ డ్రాయింగ్ అంటూ ఏమీ లేదు, మున్సిపాలిటీకి పెట్టిన ప్లాన్ ఒకటి, మేస్త్రీ మీద నమ్మకం ఒకటి, అంతే. (మనలో చాలామంది ఇళ్ళు ఇలాగే లేచాయి, ఒప్పుకుందాం.) పై అంతస్తులో ఒక రిటైర్డ్ మాస్టారు, వాళ్ళావిడ అద్దెకుంటారు. వాళ్ళ బెడ్‌రూమ్ పైనే పూల్ పెట్టించాను, అక్కడైతే పక్కింటివాళ్ళకు కనబడదని.

పూల్ సైజు 16 అడుగులు బై 9, ఎత్తు 4 అడుగులు. ఐరన్ ఫ్రేమ్, లోపల పీవీసీ లైనర్. లక్షా తొంభై వేలు, అందులో లక్షా ఇరవై ముందే ఇచ్చాను. కొలతలు తీసుకోవడానికి వచ్చిన అబ్బాయిని "స్లాబ్ ఆగుతుందా తమ్ముడూ" అని అడిగితే నవ్వి, "సార్, మీ ఇంటి మీద వాటర్ ట్యాంక్ లేదా, దానికేమైనా అయిందా" అన్నాడు. ఆ మాట నాకు ఎంత సబబుగా అనిపించిందంటే మళ్ళీ అడగలేదు. అయినా మనసు ఆగక ఇల్లు కట్టిన మేస్త్రీకి ఫోన్ చేశాను. "నేను పోసిన స్లాబ్ మీద లారీ ఎక్కించుకో అన్నా, ఏం గాదు" అన్నాడు. ఇంకేం కావాలి? మా నాన్న ఒక్కడే "నీళ్ళు బరువురా" అన్నాడు. ఆయన ప్రతిదానికీ ఏదో ఒకటి అంటాడులే అని వదిలేశాను.

శనివారం ఫిట్ చేశారు. నీళ్ళకు 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు పిలిపించాల్సి వచ్చింది, మూడోది మాత్రం కాస్త మిగిలింది. మూడో ట్యాంకర్ పైపు లాగుతున్నప్పుడైనా నా బుర్రకు తట్టాలి కదా, రోడ్డు మీద నిలబడితే చక్రాలు కిందికి దిగబడే ఆ బండి మోసుకొచ్చిన నీళ్ళు, అలాంటివి మూడు, నేను డాబా మీదకి ఎక్కిస్తున్నానని. తట్టలేదు. సాయంత్రం పిల్లలు దిగారు, ఆదివారం బామ్మర్ది వాళ్ళ పిల్లలూ వచ్చారు, ఫోటోలు, స్టేటస్‌లు, అన్నీ అయ్యాయి.

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి మాస్టారు ఫోన్ చేశారు. "బాబూ, పైన ఏం పెట్టించావో గానీ మా అల్మరా తలుపు పట్టేసింది, ఒకసారి వస్తావా" అని. వాళ్ళ అల్మరా నేల నుంచి సీలింగ్ దాకా ఉండే స్లైడింగ్ తలుపులది. వెళ్ళి నేనూ లాగాను, పై ఫ్రేమ్ తలుపుని నొక్కి పట్టుకున్నట్టుంది, రాలేదు. ఇంతలో ఆంటీ గారు మంచం మీద దుప్పటి చూపించారు. దాని మీద సన్నగా తెల్లటి పొడి, ముగ్గు చల్లినట్టు, ఒకటే వరసలో. తల ఎత్తి చూస్తే ఆ వరసకు సరిగ్గా పైన, సీలింగ్ మధ్యలో, గోడ నుంచి గోడకు ఒక గీత. వెంట్రుకంత సన్నం. నాకు కాళ్ళలో చల్లగా అయిపోయింది, నిజంగా.

వాళ్ళిద్దరినీ అప్పటికప్పుడు కిందికి మా ఇంట్లోకి తెచ్చేసి, పైకి పరుగెత్తి లైనర్ కోసేద్దామని కత్తి తీశాను. బామ్మర్ది చెయ్యి పట్టుకున్నాడు. కోస్తే అన్ని నీళ్ళూ ఒక్కసారిగా డాబా మీద పడతాయి బావా, వాన గొట్టాలు రెండే, అవి లాగేదాకా బరువు ఆ స్లాబుల మీదే కదా ఉండేది అన్నాడు. కరెక్టే. డ్రెయిన్ వాల్వ్‌కి పైపు తగిలించి పిట్టగోడ మీదుగా నేరుగా వీధిలోకి వదిలాం, ఖాళీ అయ్యేసరికి తెల్లారి ఐదయింది. ఏప్రిల్ నెలలో వీధి నిండా నీళ్ళు పారుతుంటే చుట్టుపక్కల వాళ్ళు ఏమన్నారో రాయను.

సోమవారం కంపెనీకి ఫోన్ చేస్తే "అది ప్లాస్టర్ క్రాక్ సార్, టెన్షన్ పడకండి, పుట్టీ పెట్టించండి" అన్నారు. పుట్టీ! మంగళవారం ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్ గారిని పిలిపించాను, ఫీజు 8,000. జీవితంలో ఇంత సద్వినియోగమైన 8,000 లేదు, కాకపోతే నెల ముందు ఇవ్వాల్సింది.

ఆయన చెప్పిన లెక్క నాకు గుర్తున్నంతవరకు మీకూ చెప్తా. ఘనపు మీటరు నీళ్ళు వెయ్యి కిలోలు. అంటే ఒక్క అడుగు లోతు నీళ్ళు ఉంటే ప్రతి చదరపు మీటరు మీద సుమారు 305 కిలోలు. మనుషులు ఎక్కే డాబాకి మన దేశపు ప్రమాణం, ఐ.ఎస్. 875 రెండో భాగం, చెప్పే లైవ్ లోడ్ (అంటే ఇంటి సొంత బరువు కాక మనుషులు, సామాను లాంటివాటి బరువు) చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. లోపలి గదులకైతే 200. అంటే సరిగ్గా డిజైన్ చేసి కట్టిన మంచి ఇంటికైనా అర అడుగు నీళ్ళతోనే డాబా కోటా అయిపోతుంది. మా పూల్‌లో నీళ్ళు మూడున్నర అడుగులు, చదరపు మీటరుకు సుమారు 1,065 కిలోలు, ఏడు రెట్లు. మొత్తం 14 టన్నుల పైమాట.

మరి సేఫ్టీ ఫ్యాక్టర్ అని, లెక్క కన్నా కాస్త ఎక్కువ బలంగా కట్టడం, ఉంటుంది కదా సార్ అన్నాను, ఏదో తెలిసినట్టు. ఉంటుంది, ఒకటిన్నర రెట్లు, అది కూడా సిమెంటు తక్కువైనా రాడ్డు కిందికి జారినా ఇల్లు నిలబడడానికి పెట్టింది, మీరు వాడుకోవడానికి కాదు అన్నారు.

నేను అడిగిన రెండో తెలివైన ప్రశ్న: మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి ఇదే డాబా మీద అరవై మందికి భోజనాలు పెట్టాం, అప్పుడేం కాలేదే? ఆయన ఆ పూల్ పాంప్లెట్ వెనకే లెక్క వేశారు. అరవై మంది, మనిషికి 65 కిలోలు, నాలుగు టన్నులు కూడా కాదు, అదీ డాబా అంతటా పరుచుకుని. ఈ పూల్ బరువు అంటే 220 మంది. ఆ 220 మందిని 16 బై 9 జాగాలో నిలబెట్టాలి, నిలబెట్టినవాళ్ళు సాయంత్రం ఇళ్ళకు పోరు, నెలల తరబడి అక్కడే ఉంటారు. ఎడతెగని బరువు కింద కాంక్రీట్ మెల్లమెల్లగా వంగుతూనే పోతుందట, ఈ రోజు ఏం కాలేదు కాబట్టి ఆర్నెల్ల తర్వాత కూడా ఏం కాదనడానికి లేదు.

ఇక ట్యాంక్ సంగతి. అందరినీ పడేసే పాయింట్ ఇదే కాబట్టి కాస్త ఓపికగా చదవండి. మన వెయ్యి లీటర్ల ట్యాంక్ నిండితే ఒక టన్ను. అది సాధారణంగా మెట్ల గది పైన ఉంటుంది, చిన్న స్లాబు, చుట్టూ దగ్గర దగ్గరగా బీములు, వాటి కింద పిల్లర్లు. బరువు పిల్లర్‌లోకి దిగిపోతుంది. పూల్ అలా కాదు, పెద్ద గది స్లాబు నడిమధ్యలో కూర్చుంటుంది. కింద గోడలున్నాయిగా అంటారా, పిల్లర్ల మీద కట్టిన ఇంట్లో ఆ ఇటుక గోడలు మధ్యలో కట్టిన తడకల్లాంటివి, ఈ బరువు మొయ్యడానికి లెక్కేసి కట్టినవి కావు.

స్కానర్ పెట్టి చూస్తే మా స్లాబు మందం నాలుగున్నర అంగుళాలు, 8 ఎంఎం రాడ్లు, కొన్నిచోట్ల ఆరు అంగుళాలకు ఒకటి, కొన్నిచోట్ల ఎనిమిది. లారీ ఎక్కించమన్న మేస్త్రీ పని అది. పైగా 2016లో ఎండ తగలకుండా కూలింగ్ టైల్స్ వేయించాం, దాని కింద వాలుకి పోసిన కాంక్రీట్, ఆ బరువు అప్పటికే స్లాబు మీద ఉంది, నేను లెక్కలోకే తీసుకోలేదు. గది ఈ చివర నుంచి ఆ చివరకు దారం కట్టి చూస్తే నీళ్ళు తీసేసిన రెండు రోజులకు కూడా మధ్యలో 6 ఎంఎం కిందికి ఉంది.

ఊరికే భయపెట్టడానికి కాదు గానీ, ఆయనే ఇంకోటి చెప్పారు. 1995లో సియోల్‌లో సాంపూంగ్ అనే పెద్ద షాపింగ్ మాల్ కూలి 502 మంది పోయారు. డిజైన్‌లో చేసిన మార్పులు, పలచబడిన పిల్లర్లు అసలు కారణాలైతే, డాబా మీద పెట్టి ఒక చోటి నుంచి ఇంకో చోటికి లాగిన భారీ ఏసీ యూనిట్లు వాటికి తోడయ్యాయి. ఆ రోజు పొద్దున్నే పగుళ్ళు కనబడినా షాపులు తెరిచే ఉంచారు. "ప్లాస్టర్ క్రాక్ సార్" అన్న మాట గుర్తొచ్చి నేను కాసేపు ఏం మాట్లాడలేదు.

డబ్బు సంగతి. పగుళ్ళలోకి ఎపాక్సీ గ్రౌటింగ్ (జిగురులాంటి మందు ఎక్కించడం), దానికి ముందు మాస్టారి బెడ్‌రూమ్‌లో స్లాబుకి ఊతంగా సెంట్రింగ్ జాకీలు, అన్నీ కలిపి 42,000. మూడు నెలల అద్దె తీసుకోలేదు, ఏ మొహం పెట్టుకుని తీసుకుంటాను. కంపెనీవాళ్ళు పైసా కూడా వెనక్కి ఇవ్వం అన్నారు. బిల్లు వెనక్కి తిప్పి చూడమన్నారు. చూస్తే చీమల బారులాంటి అక్షరాల్లో "స్లాబ్ సామర్థ్యం కస్టమర్ సరిచూసుకోవలెను" అని ఉంది. అడ్వాన్స్ ఇచ్చినప్పుడు ఇచ్చింది పాంప్లెట్ మాత్రమే, ఈ బిల్లు ఫిట్టింగ్ అయ్యాక ఇచ్చారు. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టాను, లాభం లేక జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు, లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు. స్లాబ్ గురించి నేను అడిగిన ప్రశ్న, "ఏం కాదు సార్" అన్న జవాబు వాట్సాప్‌లో కూడా ఉన్నాయి కాబట్టి కాస్త ఆశ ఉంది. మీరు ఏదైనా కొంటే ఇలాంటివి నోటితో కాకుండా రాతలో అడగండి.

అపార్ట్‌మెంట్ల మీద ఉంటాయి కదా అని కామెంట్ పెట్టబోయేవాళ్ళకు: ఉంటాయి, మొదటి రోజే ఆ బరువు లెక్కేసి పునాది దగ్గర నుంచి పిల్లర్లు, బీములు దానికోసమే వేస్తారు. మీరు ఇప్పుడే ఇల్లు మొదలుపెడుతుంటే డ్రాయింగ్ వేసే ఇంజనీర్‌కి ఇప్పుడే చెప్పండి, స్లాబు పడ్డాక కాదు. కట్టేసిన ఇంటికైతే అడ్వాన్స్‌కి ముందే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి, ఫలానా సైజు, ఫలానా లోతు, ఫలానా గది మీద అని చెప్పి సంతకంతో కాగితం తీసుకోండి. పూల్ అమ్మేవాడి "మా ఇంజనీర్" వద్దు. బాల్కనీ మీద అయితే అసలు అడగనే వద్దు. నీళ్ళు కారడం ఇంకో తలనొప్పి, క్లోరిన్ కలిపిన నీళ్ళు స్లాబులోకి దిగితే రాడ్లు తొందరగా తుప్పు పడతాయి, అది బయటకు కనబడేసరికి పెచ్చులు ఊడుతుంటాయి.

పిల్లలకు ఈ వేసవిలో పార్కింగ్‌లో, నేల మీద, గాలి కొట్టే టబ్ పెట్టాను, 1,800 రూపాయలు. వాళ్ళకేం తేడా తెలియడం లేదు. ఫ్రేమ్ పక్కనే టార్పాలిన్ కింద పడి ఉంది, కేసు తేలేదాకా అమ్మను. మాస్టారు వాళ్ళు మళ్ళీ పైకి వెళ్ళారు, కానీ మంచం హాల్లో వేసుకున్నారు. అల్మరా తలుపు ఇప్పుడు జరుగుతుంది, చివర్లో మాత్రం కొంచెం ఎత్తి తొయ్యాలి.