వీరాపురం కొంగలకు ఒక పూట మొత్తం ఇవ్వండి

లేపాక్షికి వచ్చేవాళ్లు వీరాపురంలో ఓ అరగంట ఆగి ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. నేనైతే పొద్దున పూటంతా కొంగలకే ఇచ్చి, గుడిని మధ్యాహ్నానికి పెట్టుకోమంటాను.

చిలమత్తూరు మండలంలోని ఈ ఊరు పాత అనంతపురం జిల్లాది, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. జనవరి ప్రాంతంలో వచ్చి, పిల్లలకు రెక్కలొచ్చాక వెళ్తాయి. సైబీరియా కొంగలని పిలుస్తారు గానీ ఇవి మన దేశపు పక్షులే. పసుపు ముక్కు, నారింజ రంగు బోడితల, వెనక గులాబీ ఈకలు బైనాక్యులర్ లేకున్నా కనిపిస్తాయి. ఎండ ముదిరితే పెద్ద కొంగ రెక్కలు చాచి గూట్లో పిల్లలకు నీడ పడుతుంది. అది చూశాక, ఎగురుతుంటే ఫొటో బాగుంటుందని చప్పట్లు కొట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండింది. తల్లి లేచిందంటే గుడ్లూ పిల్లలూ ఎండకూ కాకులకూ దొరికిపోతాయి. అరుగు మీదున్న అవ్వ, "పుట్టింటికి కాన్పుకొచ్చిన ఆడబిడ్డలు నాయనా, ఎవురన్నా తరుముతారా?" అంది.

గూళ్లు చూసి తిరిగొచ్చేయకండి, దగ్గర్లో నీళ్లున్న చెరువుకు కూడా వెళ్లండి. మోకాలి లోతు నీళ్లలో ముక్కు సగం తెరిచి అటూ ఇటూ తిప్పుతూ నడుస్తాయి. చేప తగిలిన క్షణమే ముక్కు మూసుకుంటుంది. అందుకే లోతు నీళ్లు వీటికి పనికిరావు, చెరువు ఎండినా తిండి కోసం చాలా దూరం పోవాలి. ఊరివాళ్లు చెట్లను ఎంత కాపాడినా చెరువులు నిలబడకపోతే లాభం లేదు.

బస సంగతికొస్తే, హిందూపురం లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది. కానీ తెల్లవారుజామున గేటు తాళం తీయించడానికే చాలాసేపు పట్టింది, రాత్రే చెప్పి పెట్టుకోండి. లేపాక్షిలో టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, కుటుంబంతో వస్తే అదే నయం. సొంత బండి ఉంటే మంచిది, ఆటోవాళ్లు వేచి ఉండడానికి ఇష్టపడరు. టిఫిన్, నీళ్లు వెంట ఉంచుకోండి. మాతో వచ్చిన ఆడవాళ్లు టాయిలెట్ లేక ఇబ్బంది పడ్డారు. పక్షుల కోసం ఇంతమంది వచ్చే చోట ముందు ఆ ఏర్పాటు చేయాలి.